పటం మీది పేరు, పేరు కింది శ్రమ

ఎలియట్ రాసిన 'వేస్ట్ లాండ్' కావ్యం (1922) పాఠం చెప్పేవాళ్ళందరూ దాని అయిదో భాగంలో ఒకచోట కాసేపు ఆగుతారు. నేనూ చాలా ఏళ్ళు ఆగాను. ఇద్దరు నడుస్తుంటే పక్కన మూడో మనిషి ఉన్నట్టు తోచే ఘట్టం అది. దక్షిణధ్రువ ప్రాంతపు సాహసయాత్ర ఒకటి తన్ను ఆ పంక్తులకు పురికొల్పిందనీ, అది ఏ యాత్రో సరిగా జ్ఞాపకం లేదనీ, షాకల్టన్ యాత్రల్లో ఒకటి అనుకుంటాననీ ఎలియట్ తన వివరణల్లో రాసుకున్నాడు. అలసిన మనస్సు కల్పించుకున్న భ్రాంతి అనీ, ఆధునిక మానవుడి ఏకాకితనానికి ప్రతీక అనీ వ్యాఖ్యానించి నేను ముందుకు సాగేవాణ్ణి. ఒకసారి వెనక బెంచీలోంచి ఒక విద్యార్థి లేచి, "ఆ నడక ఎక్కడ జరిగింది మాస్టారూ? వాళ్ళు ఎక్కణ్ణించి ఎక్కడికి పోతున్నారు?" అని అడిగాడు. నా దగ్గర జవాబు లేదు. ప్రతీక ఏమిటో చెప్పగలిగాను గాని, ఆ ప్రతీక ఏ నేల మీద నిలబడిందో చెప్పలేకపోయాను.

ఆ ప్రశ్న నా చేత పటం తీయించింది. ఆ నడక జరిగింది దక్షిణధ్రువ ఖండంలో కాదు, దక్షిణ అట్లాంటిక్ సముద్రంలోని సౌత్ జార్జియా అనే దీవిలో. 1916 మే నెలలో ఒక తెల్లవారుజామున ముగ్గురు మనుషులు ఆ దీవిలో దారి తప్పి ఫోర్టునా అనే హిమానీనదం మీదికి దిగారు. తప్పు గ్రహించి వెనక్కి తిరిగారు కనుక బతికారు. ఎందుకు గ్రహించగలిగారంటే, ఏ రేవులో హిమానీనదం ఉందో, ఏ రేవులో లేదో వాళ్ళకు ముందే తెలుసు. ఆ తెలివిడి వాళ్ళకు పటాలు గీసే శాఖల నుంచి రాలేదు. తిమింగలాల వేటగాళ్ళ వాడుక నుంచి వచ్చింది. ఫోర్టునా అనేది రాజు పేరూ కాదు, పండితుడి పేరూ కాదు. అది ఒక వేటపడవ పేరు.

మనుషులు లేని ఒక మంచుదీవికి పేర్లు ఎలా వచ్చాయన్నది రచయితలకు ఏం పని అని ఎవరైనా అడగవచ్చు. పేరు పెట్టడమే రచయిత చేసే మొదటి పని. ఆ పని వెనక ఏ ప్రయోజనాలుంటాయో తెలుసుకోవడానికి, ఎవరూ లేని చోట పెట్టిన పేర్లకంటె మంచి ఉదాహరణ దొరకదు. అక్కడ పాతపేరు ఏదీ అడ్డురాదు. పేరు పెట్టినవాడి మనస్సు, వాడి వెనక నిలబడిన శక్తి స్పష్టంగా కనిపిస్తాయి.

*

సౌత్ జార్జియా దాదాపు 170 కిలోమీటర్ల పొడవున వంగిన కొడవలిలాగా ఉంటుంది. విస్తీర్ణం సుమారు 3,750 చదరపు కిలోమీటర్లు. అందులో సగానికి పైగా ఏడాది పొడుగునా మంచు కిందనే ఉంటుంది. నడుమ పర్వతశ్రేణులు, వాటిలో అన్నిటికంటె ఎత్తయిన పేజెట్ శిఖరం 2,900 మీటర్లు దాటుతుంది. హిమానీనదం అనగానే గడ్డకట్టిన నీటి నది అని మనం అనుకుంటాం. అది పొరపాటు. కొండల మీద ఏటేటా కురిసిన మంచు కరగకుండా పొర మీద పొరగా పేరుకుని, కింది పొరలు పై బరువుకు నొక్కుకుపోయి గట్టి మంచుగడ్డ అవుతాయి. ఆ గడ్డ తన బరువుకు తానే లొంగి, కంటికి తెలియనంత మెల్లగా పల్లానికి జారుతుంది. ఎగుడుదిగుడుల మీద జారేటప్పుడు లోతయిన పగుళ్ళు పడతాయి. ఈ దీవిలో అనేక హిమానీనదాలు నేరుగా సముద్రంలోకి దిగి, అక్కడ పెళ్ళలు పెళ్ళలుగా విరిగి పడతాయి. ఫోర్టునా అటువంటిదే. దాని ఒక పాయ ఫోర్టునా అఖాతం వైపు దిగుతుంది.

ఈ దీవికి పేర్లు నాలుగు పొరలుగా వచ్చాయి. మంచు పేరుకున్నట్టే పేర్లూ పేరుకున్నాయి.

మొదటి పొర రాజుది. 1775 జనవరి 17న కెప్టెన్ జేమ్స్ కుక్ అక్కడ దిగి, జెండా ఎగరేసి, తుపాకులు పేల్పించి, ఆ నేల బ్రిటిష్ రాజు మూడో జార్జిదని ప్రకటించాడు. దీవికి రాజు పేరు పెట్టాడు. దిగిన చోటుకు 'స్వాధీనపు అఖాతం' అని అర్థం వచ్చే పేరు పెట్టాడు. తన కింది అధికారులు కూపర్, క్లెర్క్, పికర్స్‌గిల్‌లకు దీవులూ రాళ్ళూ పంచిపెట్టాడు. అతను వెతుకుతున్నది దక్షిణాన ఉందని అందరూ ఊహిస్తున్న మహాఖండం. తీరం వెంట పోయి పోయి దక్షిణపు కొసకు చేరేసరికి అది వట్టి దీవి అని తేలిపోయింది. ఆ కొసకు 'ఆశాభంగపు అగ్రం' అని పేరు పెట్టాడు. కుక్ పెట్టిన పేర్లలో నిజమైన అనుభవం పలికే పేరు అదొక్కటే అని నాకు అనిపిస్తుంది. ఇంకొక సంగతి. జార్జి రాజు పేరు ఈ మంచుదీవికి పెట్టిన మూడు నెలలకే, 1775 ఏప్రిల్‌లో, అదే రాజు మీద అమెరికాలో తుపాకులు పేలాయి.

ఈ భూమివల్ల ఎవరికీ లాభం లేదని కుక్ తేల్చాడు. కాని అక్కడ సీలు జంతువులు గుంపులు గుంపులుగా ఉన్నాయని కూడా అతని వృత్తాంతంలో ఉంది. లాభం లేదన్న మాటను వర్తకులు పట్టించుకోలేదు, సీలు జంతువుల మాటను పట్టించుకున్నారు. 1786 నుంచి వేట ఓడలు రావడం మొదలైంది. 1820ల్లో అక్కడికి పోయిన జేమ్స్ వెడెల్ అంచనా ప్రకారం అప్పటికే 12 లక్షల సీలు తోళ్ళు తరలిపోయాయి. ఇన్ని లక్షల జంతువులను కొట్టి, తోళ్ళు వలిచి, కొవ్వు కాచిన మనుషుల పేర్లు ఆ పటం మీద వెతికితే దాదాపుగా కనబడవు. వాళ్ళు తీరాలను అక్షరాలా తమ అరచేతిలాగా తెలుసుకున్నారు. కాని వర్తక రహస్యం బయటపడకూడదు గనుక పటాలు అచ్చువేయలేదు. వాళ్ళు మిగిల్చిపోయింది కొవ్వు కాచిన ఇనప బాణలులు మాత్రమే. ఇది రెండో పొర. మనం దీన్ని పేరులేని పొర అనాలి.

మూడో పొర విద్వాంసులది. 1882-83లో మొదటి అంతర్జాతీయ ధ్రువ సంవత్సరం సందర్భంగా కార్ల్ ష్రాడర్ నాయకత్వాన జర్మన్ బృందం ఒక ఏడాదికి పైగా ఆ దీవిలో నివసించింది. పక్కనున్న పెద్ద హిమానీనదం అంచును కొలిచి, దానికి ధ్రువయాత్రికుడు జేమ్స్ క్లార్క్ రాస్ పేరు పెట్టింది. 1902లో ఒట్టో నార్డెన్‌షల్డ్ స్వీడిష్ యాత్ర వచ్చింది. అందులోని డూసే అనే సైనికాధికారి కంబర్లాండ్ అఖాతాన్ని కొలిచి పటం గీశాడు. అక్కడి హిమానీనదాలకు నార్డెన్‌షల్డ్, నాయ్‌మాయర్, డి గేర్ మొదలైన శాస్త్రజ్ఞుల పేర్లు వచ్చాయి. పదేళ్ళు గడిచాక డేవిడ్ ఫెర్గూసన్ అనే స్కాటిష్ భూగర్భ శాస్త్రజ్ఞుడు వచ్చి, డి గేర్ హిమానీనదానికే బ్రిటిష్ శిలాశాస్త్రజ్ఞుడు హార్కర్ పేరు పెట్టాడు. చివరికి ఆ రెండో పేరే నిలిచింది. మంచుగడ్డ అదే, పేరు మాత్రం స్వీడన్ నుంచి ఇంగ్లండుకు బదిలీ అయింది. శాస్త్రం నిష్పాక్షికమైనదే కావచ్చు గాని, శాస్త్రజ్ఞులకు దేశాలున్నాయి.

అయితే విద్వాంసుల పేర్లన్నీ దర్బారు మర్యాదలే అనడం అన్యాయం. 1912-13లో రాబర్ట్ కుష్‌మన్ మర్ఫీ అనే యువ అమెరికన్ పక్షిశాస్త్రజ్ఞుడు ఒక తిమింగలాల ఓడలో అక్కడికి పోయాడు. అప్పుడే పెళ్ళయింది, భార్య ఇంటి దగ్గర ఉండిపోయింది. దీవుల అఖాతాన్ని తనే కొలిచి పటం గీసి, ఒక హిమానీనదానికి ఆమె పేరు, గ్రేస్ అని పెట్టాడు. దాని పక్కదానికి తాను చదువుకున్న బ్రౌన్ విశ్వవిద్యాలయం లాటిన్ పేరు పెట్టాడు. ఎడబాటులో ఉన్న మనిషి తన ఇంటినీ బడినీ తలుచుకోవడం కూడా ఈ పటంలో ఉంది.

*

నాలుగో పొర పనిది. మన కథకు కావలసింది అదే.

స్వీడిష్ యాత్రలో ఓడను నడిపిన కెప్టెన్ నార్వేవాడు, కార్ల్ ఆంటన్ లార్సెన్. కంబర్లాండ్ అఖాతంలో ఒక మూల సీలు వేటగాళ్ళ పాత బాణలులు కనిపిస్తే, ఆ చోటుకు స్వీడిష్ వాళ్ళు గ్రిట్‌వికెన్ అని పేరు పెట్టారు. మన మాటల్లో బాణలిరేవు. పేరులేని పొర అన్నానే, దాని ఆనవాలు ఈ పేరు ద్వారా పటం మీదికి ఎక్కింది. మనుషుల పేర్లు ఎక్కలేదు, వాళ్ళ పనిముట్టు ఎక్కింది.

లార్సెన్‌కు ఆ రేవు నచ్చింది. చుట్టూ సముద్రంలో తిమింగలాలు ఉన్నాయని చూశాడు. బ్యూనస్ ఎయిర్స్ పోయి అక్కడి పెట్టుబడిదారుల చేత కంపెనీ పెట్టించాడు. డబ్బు అర్జెంటీనాది, కూలీలు నార్వే వాళ్ళు, నేల మీద హక్కు చెప్పుకునేది బ్రిటన్. 1904 నవంబరులో ఆ మనుషులు గ్రిట్‌వికెన్‌లో దిగి కర్మాగారం కట్టారు. వాళ్ళు తెచ్చిన ఆవిరి వేటపడవ పేరు ఫోర్టునా. అదృష్టదేవత అని ఆ మాటకు అర్థం. ఆ పడవ తిరిగిన ఒక అఖాతం ఫోర్టునా అఖాతమయింది. 1912 ప్రాంతానికి అక్కడి హిమానీనదం ఫోర్టునా హిమానీనదమయింది. దీనికి ప్రకటన లేదు, తుపాకుల వందనం లేదు. నిన్న ఎక్కడ తిమింగలం దొరికింది, గాలివానలో పడవ ఎక్కడ దాక్కుంది, ఏ రేవులో మంచుపెళ్ళలు విరిగి పడుతుంటాయి అని ఒకరికొకరు చెప్పుకోవడానికి గుర్తులు కావాలి. ఆ అవసరంలోంచి పేరు పుట్టింది. మన పల్లెల్లో చింతలచేను, జువ్వికుంట అని పేర్లు పుట్టినట్టే.

ఇప్పుడు 1916కు రండి. షాకల్టన్ ఓడ ఎండ్యూరెన్స్ ధ్రువసముద్రంలో మంచు మధ్య నలిగి మునిగిపోయింది. 22 మందిని ఎలిఫెంట్ దీవిలో వదిలి, ఆరుగురు ఒక చిన్న పడవలో సౌత్ జార్జియా పడమటి తీరం చేరారు. తిమింగలాల కర్మాగారాలు తూర్పు తీరాన ఉన్నాయి. నడుమ కొండలు. ముగ్గురు అక్కడే ఉండిపోయారు. షాకల్టన్, ఓడ నడిపిన వర్స్‌లీ, ఐర్లండు రైతు కుటుంబం నుంచి నౌకాదళంలో చేరిన టామ్ క్రీన్ మే 19 తెల్లవారకముందే బయలుదేరారు. వాళ్ళ పటం మీద తీరపు గీత ఉంది గాని లోపలంతా తెల్లకాగితమే. అంతకుముందు ఎవరూ దీవిని ఆ అడ్డంగా దాటలేదు. వాళ్ళ దగ్గర ఉన్నవి 50 అడుగుల తాడు, మూడు రోజుల తిండి, వడ్రంగి బాడిస. బూట్లు మంచు మీద జారకుండా పడవ చెక్కల మరలు తీసి అడుగున బిగించారు. బాడిస ఎవరిదో, మరలు బిగించిందెవరో తరువాత చెబుతాను.

రాత్రంతా నడిచి, మే 20 వేకువకు ముందు వాళ్ళు ఒక వాలు దిగసాగారు. కింద కనిపిస్తున్నది తమకు కావలసిన స్ట్రామ్‌నెస్ రేవే అని నమ్మారు. ఉత్సాహంగా దిగుతుంటే కాళ్ళ కింద పగుళ్ళు కనిపించాయి. పగుళ్ళు ఉన్నాయంటే అది హిమానీనదం. స్ట్రామ్‌నెస్‌లో హిమానీనదం లేదని షాకల్టన్‌కు తెలుసు. 1914లో అతను గ్రిట్‌వికెన్‌లో ఒక నెలపాటు ఆ వేటగాళ్ళ మధ్యనే ఉన్నాడు. కనుక ఇది ఫోర్టునా హిమానీనదం అయి ఉండాలి. అంత అలసటలోనూ తిరిగి పైకి ఎక్కారు. ఇంకొక గట్టు దాటాక, స్ట్రామ్‌నెస్ దిక్కున్న కొండల రాతిమడతలను గుర్తుపట్టారు. ఉదయం 7 గంటలకు దూరాన్నుంచి ఆవిరి కూత వినిపించింది. కర్మాగారంలో కార్మికులను పనిలోకి పిలిచే కూత అది. అప్పటికి చాలా నెలలుగా వాళ్ళు విన్న మొదటి బయటి మానవధ్వని అదే. ఆ సాయంత్రానికి స్ట్రామ్‌నెస్ చేరారు. మొత్తం నడక 36 గంటలు.

ఈ కథను రెండు రకాలుగా చెప్పవచ్చు. నాయకుడి గుండెనిబ్బరం కథగా చెప్పవచ్చు, ఆ నిబ్బరాన్ని నేను కాదనను. కాని వాళ్ళను హిమానీనదం మీద ఆపింది వేటగాళ్ళ భూగోళజ్ఞానం. దారి సరైనదని ధ్రువపరిచింది కర్మాగారపు కూత. ఇద్దరు అధికారుల మధ్య నడిచినవాడు రైతుబిడ్డ. ఈ మూడింటినీ తీసేస్తే కథ మంచుపగుళ్ళ దగ్గరే ముగిసేది.

షాకల్టన్ 1919లో అచ్చువేసిన తన పుస్తకంలో, ఆ నడకలో తాము ముగ్గురం కాదు నలుగురం ఉన్నట్టు తరచుగా తోచిందని చెప్పుకున్నాడు. మిగతా ఇద్దరికీ అలాగే అనిపించిందట. ఎలియట్ కావ్యంలోకి వెళ్ళింది ఆ కనబడని మనిషి ఒక్కడే. కనబడే క్రీన్ వెళ్ళలేదు, కూత వెళ్ళలేదు. ఇందుకు ఎలియట్‌ను నిందించడం నా ఉద్దేశం కాదు. కావ్యం తనకు కావలసింది తాను తీసుకుంటుంది. అతని లోకంలో దారి చూపే మనుషుల సమూహం లేదు, అందుచేత అతనికి నీడ కావలసివచ్చింది. విమర్శకుడి పని వేరు. కవి ఏది తీసుకున్నాడో చెప్పి ఊరుకుంటే చాలదు, ఏది వదిలేశాడో కూడా చూపించాలి. నేను చాలా ఏళ్ళు నీడను వ్యాఖ్యానించి, కూతను వదిలేశాను.

*

తెల్లకాగితంగా ఉన్న లోపలి భాగం ఎప్పుడు నిండింది? 1928-29లో లుడ్విగ్ కోల్-లార్సెన్ అనే జర్మన్, అతని భార్య మార్గిట్, ఒక ఛాయాగ్రాహకుడు దీవి లోపలికి పోయి మంచుమైదానాలను మొదటిసారి పరిశీలించారు. మార్గిట్ కెప్టెన్ లార్సెన్ కూతురే. అదే కాలంలో, తిమింగలాల నూనె మీద వసూలు చేసిన సుంకంతో నడిచిన డిస్కవరీ పరిశోధక బృందాలు తీరాన్ని కొలిచాయి. అంటే కొలతకు కూలి చెల్లించింది కూడా తిమింగలమే.

పూర్తి పటం డంకన్ కార్స్ నాయకత్వాన 1951 నుంచి 1957 వరకు నాలుగు యాత్రల్లో తయారయింది. కార్స్ అంతకుముందు బీబీసీ రేడియోలో డిక్ బార్టన్ అనే గూఢచారి పాత్ర వేసిన నటుడు. పని పద్ధతి మనకు కొత్తది కాదు. 1802లో లాంబ్టన్ మద్రాసు దగ్గర సెయింట్ థామస్ కొండ వద్ద మొదలుపెట్టిన త్రిభుజాల పద్ధతే. పొడవు తెలిసిన ఒక గీత రెండు కొసల నుంచి మూడో బిందువు వైపు కోణాలు కొలిస్తే, ఆ బిందువు దూరం లెక్కకట్టవచ్చు. అక్కణ్ణించి ఇంకొక త్రిభుజం, దాని నుంచి మరొకటి. చెప్పడానికి సులభం. చేయాలంటే థియోడొలైట్ యంత్రాన్ని భుజాన వేసుకుని కొండ ఎక్కాలి, మబ్బు విడిచేదాకా గాలిలో నిలబడాలి, వేళ్ళు కొంకర్లు పోతుంటే మరలు తిప్పాలి, అంకెలు రాయాలి. మబ్బు విడవకపోతే ఉత్త చేతులతో దిగి మర్నాడు మళ్ళీ ఎక్కాలి. బరువంతా బళ్ళ మీద మనుషులే లాగారు. ఒక భూగర్భ శాస్త్రజ్ఞుడు మంచులో పడి తీవ్రంగా గాయపడ్డాడు. 1958లో 2 లక్షలలో ఒకటో వంతు ప్రమాణంలో ఆ పటం అచ్చయింది.

పటం సిద్ధమయ్యేసరికి పేర్లు కావలసివచ్చాయి. అప్పటికి పేర్లు పెట్టే అధికారం లండన్‌లో 1945లో ఏర్పడిన ఒక సంఘం చేతిలో ఉంది. స్థిరపడిన పాతపేర్లను అది ఉంచింది, ఫోర్టునా అలా నిలిచింది. కొత్తవాటికి పేర్లు ఎంచుతూ, 1916లో ఆ ముగ్గురు దాటిన ఒక హిమానీనదానికి క్రీన్ పేరు పెట్టింది. క్రీన్ ఆ రాత్రి దాని మీద నడిచినప్పుడు దానికి పేరు లేదు. అతను సొంత ఊళ్ళో 'సౌత్ పోల్ ఇన్' అనే చిన్న పానశాల నడుపుకుని 1938లోనే పోయాడు. తన పేరున ఒక హిమానీనదం పటం మీద ఉందని అతనికి తెలియదు.

ఇప్పుడు బాడిస సంగతి. అది వడ్రంగి హ్యారీ మెక్‌నిష్‌ది. చిన్నపడవ గోడలు ఎత్తుచేసి, పైకప్పు వేసి మహాసముద్రం దాటేటట్టు చేసింది అతను. బూట్లకు మరలు బిగించింది అతను. అంతకుముందు, ఓడ పోయింది గనుక ఒప్పందమూ పోయిందని వాదించి, ఒకసారి ఆజ్ఞలు పాటించనని మంచు మీద నిలబడ్డాడు. కార్మికుడు ఒప్పందపత్రం చదివి మాట్లాడితే యజమానికి ఎలా ఉంటుందో మనకు తెలుసు. యాత్ర ముగిశాక దాదాపు అందరికీ ధ్రువపతకం వచ్చింది, అతనికి రాలేదు. షాకల్టన్ సిఫారసు చేయలేదు. మెక్‌నిష్ 1930లో న్యూజీలండ్‌లోని వెల్లింగ్టన్‌లో దరిద్రంలో చనిపోయాడు. కార్స్ సర్వే తరువాత, పడవ చేరిన అఖాతంలోనే ఒక బుల్లి దీవికి అతని పేరు పెట్టారు. పేరులో అక్షరం తప్పు పడింది, దాన్ని 1998లో దిద్దారు. రాజుకు మొత్తం దీవి, రాస్‌కు మహా హిమానీనదం, వడ్రంగికి తప్పు అక్షరాలతో ఒక రాతిముక్క. ఆ పటం పేర్ల పట్టికే కాదు, హోదాల పట్టిక కూడా.

*

ఇంతవరకు చదివిన మిత్రులు రెండు అభ్యంతరాలు చెప్పవచ్చు.

మొదటిది: అక్కడ ఆదివాసులు లేరు, ఎవరి పేరునూ ఎవరూ తుడిచెయ్యలేదు, ఇంకేమిటి అన్యాయం? నిజమే. హిమాలయాల్లో జరిగింది ఇక్కడ జరగలేదు. అక్కడ టిబెట్ ప్రజలు చోమోలుంగ్మా అని పిలుచుకునే శిఖరానికి, దాని ఎత్తు లెక్కకట్టడంలో రాధానాథ్ సిక్దార్ అనే వంగదేశీయుడి శ్రమ ఉన్నా, 1865లో ఎవరెస్ట్ దొర పేరు స్థిరపరిచారు. సౌత్ జార్జియాలో తుడిచేయడానికి పాతపేరు లేదు. కాని అక్కడ పనిచేసిన మనుషులున్నారు. స్థానికులు లేనిచోట కూడా పైవాడి పేరు పెద్దదిగా, కిందివాడి పేరు చిన్నదిగా పడిందంటే, ఆ అలవాటు ఎదుటివాడి బలహీనత నుంచి పుట్టింది కాదు. పేరు పెట్టే వ్యవస్థ నిర్మాణంలోనే అది ఉంది.

రెండోది ఇంకా గట్టిది: ఫోర్టునా పేరు శ్రమలోంచి వచ్చిందని మురిసిపోతున్నావు, ఆ శ్రమ ఏమిటి? ఇది నన్ను ఇబ్బంది పెట్టిన ప్రశ్న. 1904 నుంచి 1965 వరకు ఆ దీవి కర్మాగారాల్లో ముక్కలైన తిమింగలాలు 1,75,250. వాటి కొవ్వు సబ్బు అయింది, మార్గరీన్ అయింది. మొదటి ప్రపంచయుద్ధంలో ఆ కొవ్వునుంచి తీసిన గ్లిసరిన్ పేలుడుపదార్థం అయింది. ముగ్గుర్ని బతికించిన కూత కిందనే ఆ నరకడమంతా సాగింది. శ్రమను కీర్తించడంలో మనలో కొందరికి ఒక తేలికైన అలవాటుంది. పనిచేసే చేతిని చూడగానే చప్పట్లు కొడతాం, ఆ చెయ్యి ఎవరికోసం, దేన్ని నాశనం చేస్తూ పనిచేస్తున్నదో అడగం. నార్వే కూలీ తిమింగలం మీద పగతో రాలేదు, కూలికి వచ్చాడు. ఎన్ని చంపాలో తేల్చింది లాభం. తిమింగలాలు తరిగిపోయాక కంపెనీలు కర్మాగారాలను తుప్పుకు వదిలి వెళ్ళిపోయాయి. ఫోర్టునా అనే పేరులో కూలీ జ్ఞానమూ, కంపెనీ దోపిడీ కూడా కలిసే ఉన్నాయి. ఒకదాన్ని చూపి రెండోదాన్ని దాచితే అది విమర్శ కాదు.

ఆ తుప్పు ఇనుమే తరువాత ఒక యుద్ధానికి నిప్పురవ్వ అయింది. 1982 మార్చిలో లీత్ రేవులోని పాత కర్మాగారం ఇనుము విప్పుకుపోవడానికి వచ్చిన అర్జెంటీనా బృందం అక్కడ తమ జెండా ఎగరేసింది. ఈ దీవికి అర్జెంటీనా వాడుకలో శాన్ పెద్రో అని వేరే పేరుంది. 1756లో దీన్ని చూసిన ఒక స్పానిష్ ఓడ నుంచి వచ్చిన పేరది. ఏప్రిల్ 3న అర్జెంటీనా సైన్యం గ్రిట్‌వికెన్‌ను పట్టుకుంది. ఏప్రిల్ 21న బ్రిటిష్ సైనికులు కొందరు ఫోర్టునా హిమానీనదం మీద దిగారు. ఒక్కరాత్రి గాలికే తాళలేకపోయారు. మర్నాడు వాళ్ళను తీసుకుపోవడానికి వచ్చిన హెలికాప్టర్లలో రెండు అక్కడే కూలిపోయాయి, మూడోది అందరినీ మోసుకుపోయింది. ఏప్రిల్ 25న బ్రిటన్ దీవిని తిరిగి తీసుకుంది. జూన్ 14న యుద్ధం ముగిసేసరికి అర్జెంటీనా వాళ్ళు 649 మంది, బ్రిటిష్ సైనికులు 255 మంది చనిపోయారు. రెండు పేర్లున్న నేల కోసం పోయిన ప్రాణాలవి. 1775లో తుపాకులు ఆకాశంలోకి పేలాయి, 1982లో మనుషుల మీద.

ఇప్పుడు ఆ మంచు కూడా నిలవడం లేదు. దీవి తీరంలోని 103 హిమానీనదాలను పరిశీలించి 2010లో ప్రకటించిన అధ్యయనంలో 97 శాతం వెనక్కి తగ్గినట్టు తేలింది. దీనికి అనుకోని ఫలితం ఒకటుంది. వేట ఓడల్లో వచ్చిన ఎలుకలు దీవిలో నేల మీద గూళ్ళు కట్టే పక్షుల గుడ్లను, పిల్లలను తినేస్తుండేవి. హిమానీనదాలు గోడల్లాగా అడ్డుండి వాటిని కొన్ని భాగాలకే కట్టడి చేశాయి. గోడలు కరిగితే ఎలుకలు అంతటా వ్యాపిస్తాయి. అందుచేత 2011 నుంచి 2015 వరకు హెలికాప్టర్లతో విషం చల్లి ఎలుకలను నిర్మూలించారు. 2018లో దీవి ఎలుకలు లేనిదని ప్రకటించారు. రాజు పేరు పొరలో ఎవరూ ఊహించని, పేరులేని పొర చేసిన పాపాన్ని, ఇప్పటి మనుషులు ఇట్లా కడుక్కోవలసివచ్చింది.

*

రచయితలకు ఇందులో పాఠమేమిటంటే, పేరు చూడగానే దాన్ని అలంకారంగానో ధ్వనిగానో కాక, పత్రంగా చదవడం నేర్చుకోవాలి. ఈ పేరు ఎవరు పెట్టారు? ఏ పని కోసం పెట్టారు? దానికి డబ్బెవరు పెట్టారు? అదే చోట తిరిగినవాళ్ళలో ఎవరి పేరు రాలేదు? ఈ నాలుగు ప్రశ్నలు ఒక హిమానీనదానికే కాదు, మన కథల్లోని ఊళ్ళకూ, కాలవలకూ, పాత్రలకూ వేసుకోవాలి. కథలో జమీందారుకు ఇంటిపేరుతో సహా పూర్తిపేరు పెట్టి, పాలేరును 'పాలేరు' అని మాత్రమే రాసేటప్పుడు, మనం కూడా ఆ పటమే గీస్తున్నాం.

ఆ విద్యార్థికి జవాబు చెప్పడానికి నాకు చాలా రోజులు పట్టింది. తరువాత ఎలియట్ పాఠం వచ్చినప్పుడల్లా నేను ముందు నల్లబల్ల మీద కొడవలి ఆకారంలో ఒక దీవి గీస్తాను. పడమట ఒక చుక్క, తూర్పున ఒక చుక్క పెడతాను. నడుమ ఫోర్టునా అని రాసి, అది పడవ పేరని చెబుతాను. ఉదయం 7 గంటల కూత సంగతి చెబుతాను. ఆ తరువాతనే కావ్యం తెరుస్తాను.